ఎవరి చెవితో కొలవాలి

మూడు ఫ్యాన్లు కొనడానికి నాకు ఐదు వారాలు పట్టింది. సీలింగ్ ఫ్యాన్లు కావు. కంప్యూటర్ రేడియేటర్‌కి బిగించే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, చాచిన అరచెయ్యంత ఉంటాయి. పెళ్ళిసంబంధం కూడా అంతకంటే త్వరగా తేల్చుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ ఐదు వారాల్లో నేర్చుకున్నదాంట్లో చాలాభాగం ఇంజనీరింగే. మిగిలిన కొంచెం మాత్రం ఇంజనీరింగ్ కాదు, అది ఇంకా నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఇంటినుంచే పనిచేస్తాను. మా టీమ్ అమెరికాలో ఉంది కాబట్టి నా పగలు సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది. పెద్ద కోడ్‌బేస్, పూటకి పదిహేనుసార్లైనా బిల్డ్ చెయ్యాలి. అందుకని పదహారు కోర్ల రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ పెట్టుకున్నాను. పూర్తి జోరులో అది 230 వాట్ల దాకా లాగుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడే. పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు, పక్కన ఇంకో చిన్న బల్బు వెలిగిస్తే ఎంత వేడి పుడుతుందో, అంత వేడి తపాలా బిళ్ళంత చోటునుంచి పుడుతుంది. దాన్ని నీళ్ళు రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. అక్కడ ఫ్యాన్లు రేకుల మధ్యనుంచి గాలిని తోస్తాయి. నీళ్ళతో చల్లబరిచే కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది భ్రమ. నీళ్ళు వేడిని మోస్తాయంతే, పోగొట్టవు. పోగొట్టేది గాలి, గాలంటే ఫ్యాను, ఫ్యానంటే చప్పుడు.

మీటింగుల మధ్య దొరికే అరగంటల్లో చదువుకోవడం నా అలవాటు. పుస్తకాల మీద నేను రాసిన నాలుగు ముక్కలూ అలాంటి అరగంటల్లోంచి వచ్చినవే. కంప్యూటర్ బిల్డ్ చేస్తుంటే నేను చదువుకోవాలి, అదీ ఒప్పందం. కానీ కూలర్‌తోపాటు వచ్చిన ఫ్యాన్లు నిమిషానికి 1400 చుట్లు తిరిగేసరికి "ఊఁ" అని ఒకే శ్రుతి పట్టుకునేవి. దానికో లెక్క ఉంది. ఫ్యానుకి ఏడు రెక్కలు, నిమిషానికి 1400 చుట్లు, అంటే సెకనుకి దాదాపు 163 సార్లు రెక్క ఒకే చోటునుంచి పోతుంది. ఆ 163 హెర్ట్జే మనకి వినిపించే ఊళ. మూడు ఫ్యాన్లూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగవు. ఒకదానికొకటి పది, ఇరవై చుట్లు తేడా ఉంటుంది. అప్పుడు ఆ మూడు ఊళలూ కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి, "ఊఁ… ఊఁ… ఊఁ…" అని అలలా లేచిపడతాయి. గాలి హోరునైనా మర్చిపోవచ్చుగానీ ఈ అలని మర్చిపోలేం. చెవి దానికోసం ఎదురుచూడ్డం మొదలుపెడుతుంది. పేజీలో ఒకే వాక్యం నాలుగుసార్లు చదివి, అర్థంకాక, పుస్తకం మూసేసిన రాత్రులు చాలా ఉన్నాయి.

సరే, ఫ్యాన్లు మారుద్దాం అనుకున్నాను. నాలాంటివాళ్ళకి ఇక్కడే అసలు రోగం మొదలవుతుంది.

ఫ్యాన్ల విషయంలో ప్రకృతి మనకి చేసిన గొప్ప ఉపకారం ఒకటుంది. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, కానీ చప్పుడు దాదాపు పదిహేను డెసిబెళ్ళు పడిపోతుంది. పది డెసిబెళ్ళు తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి, పదిహేనంటే చాలా పెద్ద తేడా. మరోపక్క, ఒక ఫ్యాను ఉన్నచోట అలాంటివే మూడు పెడితే పెరిగేది ఐదు డెసిబెళ్ళే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దానంతటదే వస్తుంది: ఒకటి గట్టిగా తిరిగేకన్నా మూడు మెల్లగా తిరగడం మేలు. ఉమ్మడి కుటుంబాల్లో చాకిరీ పంచుకోవడంలాంటిది, కాకపోతే ఇక్కడ ఎవరూ అలగరు.

రేడియేటర్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, గాలికి అక్కడ అడ్డం ఉంటుంది. దగ్గర దగ్గరగా పేర్చిన పల్చటి రేకుల మధ్యనుంచి దూరాలి. బయట గాల్లో బాగా వీచే ఫ్యాను ఇక్కడ చేతులెత్తేస్తుంది. దానికి ఒత్తిడి కావాలి. ఒత్తిడి పెరిగితే రెక్క అంచుకీ చట్రానికీ మధ్య ఉన్న సందులోంచి గాలి వెనక్కి జారిపోతుంది, ఆ జారుడుకి సుడులు, సుడులకి చప్పుడు. కాబట్టి ఆ సందు ఎంత తక్కువైతే అంత మంచిది. ఆస్ట్రియాకి చెందిన నాక్టువా కంపెనీ 2018లో తెచ్చిన ఒక ఫ్యానులో ఆ సందు అర మిల్లీమీటరు. వినడానికి చిన్న విషయమే. కానీ మామూలు ప్లాస్టిక్ రెక్కలు ఏళ్ళతరబడి వేడికి, తిరిగే జోరుకి కొద్దికొద్దిగా సాగుతాయి. అర మిల్లీమీటరు సందులో ఆ సాగుడుకి చోటు లేదు. అందుకని సాగని పదార్థం వెతుక్కోవాల్సి వచ్చింది వాళ్ళకి. మట్టిరంగు, మీగడరంగు కలిసిన ఆ ఫ్యాన్లు చూడ్డానికి ఏమంత బావుండవు. పాతకాలపు స్కూలు యూనిఫాంలా ఉంటాయి. నాకు మాత్రం వాటి మీద గౌరవం కలిగింది. ఒక చిన్న సందు గురించి అన్నేళ్ళు ఆలోచించిన మనుషులు ఎక్కడో ఉన్నారన్న సంగతి, ఎందుకో, ధైర్యంగా అనిపిస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి మూడు తీసుకున్నాను. ఒక్కోటి దాదాపు మూడువేలు. కొట్టతను ప్యాక్ చేస్తూ "మూడు ఫ్యాన్లకి తొమ్మిదివేలా సార్, ఆ డబ్బుకి ఇంట్లో సీలింగ్ ఫ్యాన్లన్నీ మార్చేయొచ్చు కదా!" అన్నాడు. నవ్వాను. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడు నవ్వు రాలేదు.

బిగించాను. నీళ్ళ వేడిని బట్టి ఫ్యాన్ల వేగం మారేలా పెట్టుకున్నాను. చిప్ వేడిని బట్టి పెడితే అది ప్రతి సెకనూ ఎగిరెగిరి పడుతుంది, ఫ్యాన్లు కూడా దానితోపాటు లేచిపడతాయి. నీళ్ళు అలా కాదు, మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారతాయి. ఊళ పోవడానికి మూడింటి వేగాల్నీ కావాలనే దూరందూరంగా ఉంచాను. 900 చుట్ల దగ్గర ఒక మెత్తటి హోరు మిగిలింది, పక్కగదిలో ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఆ రాత్రి పుస్తకం నలభై పేజీలు చదివాను. ఇంజనీరుగా, పాఠకుడిగా, ఒకేసారి తృప్తిగా ఉన్న రాత్రులు నా జీవితంలో తక్కువ.

కంప్యూటర్ ఎక్కడుందో చెప్పలేదు కదూ. మాది రెండు పడకగదుల ఫ్లాటు. రెండో గది నా ఆఫీసుగా ఉండేది. అమ్మ పోయాక బాపుని సిరిసిల్ల నుంచి తీసుకొచ్చినప్పుడు ఆ గది ఆయనదైంది. నా బల్ల, కంప్యూటరు మాత్రం ఆ గది మూలనే ఉండిపోయాయి. హాల్లో పెడితే పాప వైర్లు లాగుతుంది, ఇంకో గదిలో మా ఆవిడ పొద్దున్నే లేవాలి కాబట్టి తొందరగా పడుకుంటుంది. వేరే దారి లేదని అప్పుడు తేల్చేశాను. ఆ తేల్చడంలో బాపుని ఎవరూ అడగలేదు.

బాపు ఇరవైనాలుగేళ్ళు సాంచెలు నడిపాడు. సాంచె అంటే మా ఊళ్ళో మరమగ్గం. చిన్నప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్తే, ఆ మోతకి ముందు ఛాతీ అదిరేది, తర్వాత చెవులు. అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. పెదాలు, కనుబొమ్మలు, చేతివేళ్ళు మాట్లాడతాయి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో కూడా నేతకార్మికులు ఇలాగే పెదాలు పెద్దగా కదిపి మాట్లాడుకునేవాళ్ళని, ఆ భాషకి మీ-మాయింగ్ అని పేరు కూడా ఉండేదని ఈ మధ్య చదివాను. మా ఊళ్ళో దానికి పేరేమీ లేదు. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటలకి 90 డెసిబెళ్ళు దాటకూడదని నిబంధన ఉంది. సాంచెల షిఫ్టు పన్నెండు గంటలు.

చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి, గ్రాఫు చేతికి రాగానే, ఇంకేమీ అడక్కముందే "ఏం పని చేసేవారు?" అంది. గ్రాఫులో గీత కుడివైపుకి వెళ్తూ 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు పడిపోయింది. మోతలో పనిచేసినవాళ్ళ చెవులన్నీ మొదట అక్కడే అరుగుతాయట. అచ్చులు వినపడతాయి, హల్లులు రాలిపోతాయి. స, శ, త, ప, క, ఇవన్నీ పైనుండే పల్చటి శబ్దాలు. "అన్నం తిన్నవా" అంటే "అ…అం …ఇ…ఆ" లాంటిదేదో చేరుతుంది. అందుకే బాపు ఎప్పుడూ "వినవడ్తది గని సమజ్ కాదు" అంటాడు. అది అలంకారం కాదు, ఆయన ఆడియోగ్రామ్‌కి అంతకంటే మంచి వర్ణన లేదు.

చెవి మిషన్ పెట్టించాం. రెండు చెవులకీ కలిపి చాలా అయింది. రోజంతా పెట్టుకోవాలి, రెండు మూడు నెలలకిగానీ మెదడు అలవాటుపడదు, తీసేస్తూ ఉంటే ఎప్పటికీ అలవాటుకాదు, అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బాపు పగలంతా పెట్టుకునేవాడు. సాయంత్రం ఏడు కాగానే తీసి డబ్బాలో పెట్టేసేవాడు. నేను కసురుకునేవాణ్ణి. అంత డబ్బు పోసి కొన్నది డబ్బాలో పెట్టుకోవడానికా అన్నాను ఒకరోజు, చాలా గట్టిగా, ఎందుకంటే మెల్లగా అంటే ఆయనకి వినపడదు కదా. పెద్దవాళ్ళు అంతే, కొత్తది దేన్నీ ఒప్పుకోరు, అని మా ఆవిడ దగ్గర తేల్చేశాను. నేను తేల్చేసేవి ఎక్కువ.

ఆవిడే కనిపెట్టింది. కొత్త ఫ్యాన్లు బిగించి నేను మహదానందంలో ఉన్న వారంలో ఒకరోజు అంది: "మామయ్య ఏడింటికి మిషన్ తియ్యట్లేదు. నువ్వు కంప్యూటర్ ఆన్ చెయ్యగానే తీస్తున్నాడు. ఆదివారం చూడు, పడుకునేదాకా చెవిలోనే ఉంటుంది."

ఆ రాత్రి బాపు పక్కన కూర్చుని, మిషన్ పెట్టమని, బిల్డ్ మొదలుపెట్టి, ఏం వినపడుతోందని అడిగాను. ఆయన కాసేపు విన్నాడు. "మల్ల షెడ్డుల కూసున్నట్టున్నది బిడ్డా" అన్నాడు.

తర్వాత చదువుకున్నాక తెలిసింది, చెవి మిషన్ అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచదు. మెల్లటివాటిని ఎక్కువగా, పెద్దవాటిని తక్కువగా పెంచుతుంది. అది సరైన పనే, లేకపోతే తలుపు చప్పుడుకి గుండె ఆగిపోతుంది. కానీ నా తొమ్మిదివేల మెత్తటి హోరు సరిగ్గా ఆ మెల్లటి జాతికి చెందినది. పైగా రేకుల మధ్యనుంచి గాలి దూరే సుస్స్‌మన్న శబ్దం పైస్థాయిల దాకా పాకుతుంది. ఆయన చెవికి హల్లులు అందాలని మిషన్ ఎక్కువగా పెంచేది ఆ స్థాయిలనే. కిందనుండే ఊళ మరో రకంగా దెబ్బకొడుతుంది. కింది శబ్దాలు పైశబ్దాల్ని కప్పేస్తాయి, ఆ కప్పడం పైకే ఎక్కువగా పాకుతుంది, పాడైన చెవిలో మరీను. నాకు ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు వినపడేది ఆయనకి సాంచె.

ఇక్కడ నాకు పెద్దగా తట్టిన విషయం ఏమిటంటే, ఆ ఐదు వారాల్లో నేను చూసిన ప్రతి అంకె వెనకా ఒక చెవి ఉంది. ఫ్యాను డబ్బా మీద రాసే డెసిబెల్ ముడి అంకె కాదు. దాని పక్కన ఏ అనే అక్షరం ఉంటుంది. ఏ-వెయిటింగ్ అంటారు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మనిషి చెవి ఏ శ్రుతిని ఎంత గట్టిగా వింటుందో కొలిచి గీసిన గీతలు దానికి మూలం. మన చెవి కిందిశ్రుతుల్ని తక్కువగా వింటుంది కాబట్టి లెక్కలో వాటిని తగ్గించాలి. 100 హెర్ట్జ్ దగ్గర పంతొమ్మిది డెసిబెళ్ళు, నా ఫ్యాన్ల 163 దగ్గర పదమూడు. న్యాయమే. మనిషికి వినపడని చప్పుడుని లెక్కపెట్టి ఏం లాభం? కానీ ఎవరికి వినపడని? ఆ గీతలు బాగా వినగలిగే చెవులవి. ఇరవైనాలుగేళ్ళు సాంచెల మధ్య ఉండి, ఇప్పుడు మిషన్ గుండా వినే చెవి అందులో లేదు. ఇరవై రెండు డీబీ-ఏ అని డబ్బా మీద రాస్తే, అది అబద్ధం కాదు. కానీ బాపు గురించి అది ఏమీ చెప్పదు.

దీన్ని కొలతల మీద కోపంగా మార్చుకోవడం తేలిక. నాకు ఆ కోపం లేదు. ఒక ప్రామాణికమైన చెవి లేకపోతే ప్రతి కంపెనీవాడూ తన ఇష్టమొచ్చిన చెవితో కొలుస్తాడు. ప్రతి మనిషికీ ఒక స్కేలు అంటే స్కేలే లేనట్టు. తప్పు కొలతది కాదు. ఎదురుగా మనిషి ఉండగా, ఆయన్ని అడగడానికి మూడడుగుల దూరం ఉండగా, ఐదు వారాలు అంకెల్ని అడిగాను, అదీ తప్పు. గదిలో రెండు జతల చెవులున్నాయి. నేను ఒక జతనే గది అనుకున్నాను.

షోపెన్‌హవర్ 1851లో అచ్చయిన తన పుస్తకంలో చప్పుడు మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. బళ్ళవాళ్ళు వీధుల్లో కొరడా ఝళిపిస్తుంటే ఆలోచన తెగిపోతోందని ఆయన బాధ. అంతవరకు నేనూ ఆయనతోనే ఉంటాను. కానీ అక్కడ ఆగడు. చప్పుడుని తట్టుకునే శక్తి బుద్ధికి విలోమానుపాతంలో ఉంటుందన్నట్టు రాస్తాడు. చప్పుడు బాధించనివాడు మందబుద్ధి అన్నమాట. ఫ్యాన్ల వేటలో ఉన్నప్పుడు ఆ వ్యాసం చదివి రహస్యంగా మురిసిపోయాను. నన్ను బాధించే ఆ "ఊఁ" నా సున్నితత్వానికి సర్టిఫికెట్ అనిపించింది. బాబేజ్ సంగతి ఇంకా తమాషా. చార్లెస్ బాబేజ్, కంప్యూటర్‌కి మొదటి రూపం ఊహించినవాడు, లండన్‌లో వీధి సంగీతగాళ్ళ మీద ఏళ్ళతరబడి యుద్ధం చేశాడు. 1864లో వాళ్ళ మీద చట్టం వచ్చేదాకా పోరాడినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ సంగీతగాళ్ళలో చాలామంది పొట్టకూటికి ఇటలీ నుంచి వచ్చిన బీదవాళ్ళు. కంప్యూటర్ పుట్టకముందే దాని తండ్రికి నిశ్శబ్దం కావాల్సి వచ్చింది.

వీళ్ళ కోరిక తప్పని నేను అనలేను. ఆలోచించేవాడికి నిశ్శబ్దం కావాలి, అది నిజమైన అవసరం. నాకు ఒప్పుకోబుద్ధి కానిది సున్నితత్వాన్ని గొప్పతనంగా లెక్కవేసే ఆ అడుగు. ఎందుకంటే బాపు మోతని తట్టుకున్నాడు. ఆయన బుద్ధికి అది పట్టక కాదు. ఎనిమిది సాంచెల మోతలో ఏ సాంచె లయ తప్పిందో వెనక్కి తిరక్కుండా చెప్పేవాడు. నాడె కొట్టుకునే చప్పుడులో తేడాని బట్టి కండె అయిపోవచ్చిందని పసిగట్టేవాడు. నా చెవి మూడు ఫ్యాన్ల మధ్య ఊళని పట్టుకుందని నేను మురిసిపోయానే, ఆయన చెవి దానికి పదింతల పని రోజుకి పన్నెండు గంటలు చేసింది, కూలికి. ఆ పనే దాన్ని తినేసింది.

ఇంకొకటి కూడా షోపెన్‌హవర్‌కి తెలిసే అవకాశం లేదు. మా ఊళ్ళో చప్పుడంటే పని. నూలు రాకపోతే, కరెంటు పోతే, గిరాకీ లేకపోతే సాంచెలు ఆగేవి. ఆ రోజుల్లో రాత్రిపూట కరెంటు పోతే నిద్రపోతున్న వీధి వీధంతా లేచి కూర్చునేది. చప్పుడుకి కాదు, చప్పుడు ఆగినందుకు. అమ్మ గడపలో నిలబడి "ఎన్నింటికొస్తదో" అనేది. సాంచె బందైన పూట కూలి లేదు. నిశ్శబ్దాన్ని చూసి భయపడే ఇంట్లో పుట్టి, నిశ్శబ్దం కోసం తొమ్మిదివేలు ఖర్చుపెట్టే ఇంటికి వచ్చాను. దీన్ని ఎదగడం అనాలేమో. నాకు ఆ మాట మీద అనుమానం ఉంది.

అందుకే, ఇన్నిరోజులు నాకెందుకు చెప్పలేదు బాపూ అని అడిగితే ఆయన అన్న మాట నాకు వింతగా అనిపించలేదు, కానీ తట్టుకోవడం కష్టమైంది. "నీ సాంచె నడవాలె గద" అన్నాడు.

ఆయన మిషన్ తియ్యడం మొండితనం కాదు. నా పని ఆగకుండా తన చెవులు మూసుకోవడం. నేను కసురుకున్నది దాన్ని.

తర్వాత చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది, అంత తేలిక. బయోస్‌లోకి వెళ్ళి ప్రాసెసర్‌ని 65 వాట్ల ఈకో మోడ్‌లో పెట్టాను. పేరుకి 65, నిజానికి 88 వాట్ల దాకా లాగుతుంది, 230తో పోలిస్తే ఎక్కడ. ఫ్యాన్లు 500 చుట్ల దగ్గర తిరుగుతున్నాయో లేదో తెలియనట్టు తిరుగుతున్నాయి. పదకొండు నిమిషాల బిల్డ్ పదమూడు నిమిషాలైంది. ఐదు వారాలు నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న, ఇంత వేడిని చప్పుడు లేకుండా ఎలా తోలెయ్యాలి అని. ఇంత వేడి ఎందుకు అని ఒక్కసారీ అడగలేదు. ఇలాంటి గుడ్డితనం మా వృత్తిలో మామూలే, అవసరాన్ని ముట్టుకోకుండా పరిష్కారాన్ని చెక్కుతూ కూర్చోవడం.

రెండు నిమిషాలు చిన్నవేమీ కావు. పదిహేను బిల్డులకి అరగంట. ఆ అరగంట నాది కాదు, జీతమిచ్చేవాళ్ళది, నేను మేనేజర్‌కి చెప్పలేదు. ఇది కూడా ఒక నైతిక ప్రశ్నేనని తెలుసు, ఇంకో వ్యాసానికి సరిపోయేదని కూడా తెలుసు. బాపు పడుకునేముందు ఎలాగూ మిషన్ తీసేస్తాడు కదా, ఆ తర్వాత మళ్ళీ 230కి పెంచుకోవచ్చు కదా అని కూడా లెక్కవేశాను. రోజూ రెండుసార్లు రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్ళాలి. బద్ధకం వేసింది. నా మంచితనంలో సగం ఆ బద్ధకమే.

మిగతా సగం మీద కూడా నాకు నమ్మకం లేదు. ఫ్యాన్లు నాకోసం కొన్నాను. బాపు తర్వాత వచ్చాడు కథలోకి. ఇప్పుడు ఎవరైనా ఆ మట్టిరంగు ఫ్యాన్లు చూసి ఎందుకంత ఖర్చని అడిగితే "మా నాన్నకి చెవి మిషన్ ఉంది, అందుకని" అంటున్నాను. మొన్న ఒక స్నేహితుడితో అన్నాను కూడా. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే తెలిసింది, నా పాత కోరికకి కొత్త చొక్కా తొడుగుతున్నానని. ఒక అవసరం నిజమైనదా, తెచ్చిపెట్టుకున్నదా అని తేల్చడానికి నేను వాడే కొలత ఒకటుంది. దాన్ని తీర్చడానికి ఇంకొకరి దగ్గర్నుంచి ఏం తీసుకుంటున్నాను అని. దాని ప్రకారం చప్పుడుని తగ్గించడం వేరు, పక్కకి తోయడం వేరు. మెల్లగా తిరిగే ఫ్యాను మొదటి రకం, తక్కువ వాట్లు లాగే ప్రాసెసర్ మొదటి రకం. బాపు డబ్బాలో పెట్టిన మిషన్ రెండోది, నా చప్పుడు ఆయన ఖర్చులో సర్దుకుంది.

ఇలా విడదీశాక కిటికీ వైపు చూడకుండా ఉండటం కష్టం. ఫ్యాన్లు వేడిని గదిలోకి వదుల్తాయి. వేసవిలో గదిలోంచి ఏసీ దాన్ని బయటికి తోస్తుంది. మాది మొదటి అంతస్తు. ఏసీ బయటి పెట్టె వెనకవైపు గోడకి, వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కిటికీకి సరిగ్గా పైన వేలాడుతోంది. మన దేశంలో నివాసప్రాంతాల్లో రాత్రి పది తర్వాత 45 డెసిబెళ్ళు దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెప్తాయి. ఆ కిటికీ దగ్గర ఎంతుందో నేను కొలవలేదు. ఫోన్లో యాప్ ఉంది, పెట్టి చూడొచ్చు, కానీ మళ్ళీ అంకెనే అడిగినట్టవుతుంది. వాచ్‌మన్ భార్య మూడేళ్ళలో ఎప్పుడూ ఏమీ అనలేదు. బాపు కూడా ఏమీ అనలేదు కదా. వెళ్ళి అడగాలి. అడిగితే, అవునంటే, ఏం చెయ్యాలో తెలీదు కాబట్టి ఇంకా అడగలేదు.

బాపు ఇప్పుడు రాత్రి పదింటిదాకా మిషన్ పెట్టుకుంటున్నాడు. పాప ఆయన మంచం మీదెక్కి బడి కబుర్లు చెప్తుంది, ఆయన సగం సరిగ్గా, సగం తప్పుగా జవాబిస్తాడు, అది పకపకా నవ్వుతుంది. నేను మూలన కూర్చుని పదమూడు నిమిషాలు గడవడం కోసం చూస్తుంటాను. మొన్న అలా కూర్చుని, చప్పుడు అస్సలు లేదు కదా బాపూ ఇప్పుడు, అని కాస్త గర్వంగానే అడిగాను. ఆయన మిషన్ సర్దుకుని తల పైకెత్తాడు.

"నీ డబ్బాది లేదు," అన్నాడు. "గా పైన తిరిగేదే, టక్కు టక్కుమని ఒక్కతీరు కొట్టుకుంటది. దానికింత గ్రీజు వెట్టరాదురా."

కుర్చీ ఎక్కి చూశాను. సీలింగ్ ఫ్యాను కప్పు వదులైంది. నాకు ఇప్పటికీ ఆ టక్కు వినపడదు.